మార్కులు లేని క్లాసుకి వెళ్తున్న అమ్మడికి

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఈమధ్య ఒక రచనా తరగతిలో చేరుతున్నానని ఫోన్ చేసింది. వారానికొకసారి, శనివారం సాయంత్రం. సిలబస్ లేదు, పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. నేర్పేవారు బోర్డు ముందు నిలబడరట. అందరితోపాటు కింద కూర్చుని వాళ్లూ రాస్తారట. ఒక వారం కూరగాయల మార్కెట్‌కి తీసుకెళ్లి రాయిస్తారు, ఒక వారం ఇంట్లోంచి ఏదైనా పాత వస్తువు తెమ్మంటారు. రాసినదాన్ని అక్కడికక్కడే పైకి చదవాలి.

"చేరాలని ఉంది, భయంగానూ ఉంది పెద్దమ్మా" అంది. చేరితే తన లోపలున్నదంతా బయటికొచ్చేస్తుందని ఆశ. తన తెలుగు విని నవ్వుతారని, అందరూ బాగా చదువుకున్నవాళ్లే ఉంటారని, తన జీవితంలో రాసేంత విశేషం ఏమీ లేదని భయం. వాళ్లమ్మకైతే ఒకటే ప్రశ్న: సర్టిఫికెట్ కూడా ఇవ్వని క్లాసుకి డబ్బు కట్టడమెందుకని.

నేను విజయనగరం జిల్లా హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే ఆదివారాలు మా వీధి అరుగు మీద పిల్లలచేత రాయించడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక పెద్దవాళ్లూ వచ్చి కూర్చునేవారు: ఇల్లాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒక బస్సు కండక్టరు. అక్కడ నేను చూసినవాటిని బట్టి అమ్మడికి ఫోన్లో కొంత చెప్పాను. "అంకెలు వేసి రాసి పంపు, దగ్గర పెట్టుకుంటాను" అంది. అలాంటి క్లాసుల గుమ్మం దగ్గర నిలబడి తటపటాయించే పిల్లలు ఇంకా ఉంటారు కదా అని ఇక్కడా ఇస్తున్నాను.

1

ఇన్నేళ్లూ బళ్లో నువ్వు రాసినదంతా జవాబు ముందే తెలిసినవాళ్ల కోసం రాశావు. ఇది గ్రహిస్తే నీ భయాల్లో సగం ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుస్తుంది. వర్షాకాలం మీద వ్యాసం రాయమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు శీర్షికలు పెట్టి, కింద స్కేలుతో గీతలు గీసి, గైడులో ఉన్న వాక్యాలనే అటూ ఇటూ మార్చి రాస్తారు పిల్లలు. దిద్దే మాస్టారు వర్షాకాలం గురించి నీ దగ్గర తెలుసుకోవలసింది ఏమీ లేదు. ఉండవలసిన పాయింట్లు ఉన్నాయో లేదో చూసి మార్కు వేస్తారు. పదో తరగతి దాకా అలా రాస్తూ వచ్చాక, ఎదుటి మనిషికి తెలియనిదేదో చెప్పడానికి రాస్తారన్న సంగతే మనసులోంచి చెరిగిపోతుంది.

నువ్వు చేరబోయే క్లాసుకీ బడికీ అసలు తేడా ఇదే. సిలబస్ ఉండడం, లేకపోవడం పైపై సంగతి. అక్కడ నీ ఎదురుగా కూర్చున్నవాళ్లకు నువ్వు చెప్పబోయేది తెలీదు.

మా అరుగు మీదికి ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వచ్చేవాడు. తండ్రి జూట్ మిల్లులో కార్మికుడు. నాన్న గురించి రాయమంటే, 'మా నాన్న కష్టజీవి. కుటుంబం కోసం రేయింబవళ్లు శ్రమిస్తాడు. మా నాన్నంటే నాకు చాలా ఇష్టం' అని రాసుకొచ్చాడు. బళ్లో అయితే పదికి ఏడు వచ్చేవి. పైకి చదువుతుంటే మధ్యలో 'ఇంటికి రాగానే చెవులు శుభ్రం చేసుకుంటాడు' అని ఒక వాక్యం దొర్లింది. పక్కనున్న పిల్ల ఆపి, "చెవులెందుకు?" అంది. వాడు తెల్లబోయాడు. ఇది కూడా తెలీదా అన్నట్టు చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మిల్లులో నార నూగు గాల్లో తేలుతుందిట. జుట్టులో, కనుబొమల మీద, చెవుల్లో చేరుతుందిట. నాన్న గుమ్మం బయటే తువ్వాలు దులుపుకుని, అగ్గిపుల్లకు దూది చుట్టి చెవులు తుడుచుకున్నాకే లోపలికి వస్తాడట. నైట్ షిఫ్టు వారాల్లో ఆయన వచ్చే వేళకు వీళ్లు బడికి బయల్దేరతారు కాబట్టి, ఆ గుమ్మం దగ్గర ఆయన చెవులు తుడుచుకునే ఆ కాసేపే ఆయనతో మాటలు.

"ఇప్పుడు చెప్పావే, అది రాయి" అన్నాను. పై వారం రాసుకొచ్చాడు. అందులో కష్టజీవి అన్న మాట లేదు. దాని అవసరం రాలేదు. నాన్నంటే ఇష్టమన్న మాటా లేదు. విన్నవాళ్లందరికీ ఆ ఇష్టం తెలిసింది.

వాడిచేత అది రాయించింది చెవులెందుకని అడిగిన ఆ పిల్ల. తెలుగు టీచర్ని, నేనే అడగవలసిన ప్రశ్న అది. కానీ నాకు మిల్లు సంగతులు తెలుసు. అందుకని నాకు ఆ ప్రశ్న తట్టే వీలే లేదు. తెలియనివాళ్లే అడగగలరు. నువ్వు వెళ్లే క్లాసులో అలాంటివాళ్లు పదిమంది దొరుకుతారు. మీ అమ్మ అడిగితే, ఆ ఫీజు వాళ్ల కోసం కడుతున్నానని చెప్పు.

2

కాబట్టి, నేర్పేవారు నిన్ను రచయిత్రిని చేసి పంపుతారన్న ఆశ పెట్టుకోకు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో రచయితల వర్క్‌షాపు మొదలైంది. ఇప్పుడు లోకంలో నడుస్తున్న ఇలాంటి చాలా క్లాసులకు అదే నమూనా. అక్కడివాళ్లు కూడా రాయడం నేర్పుతామని గట్టిగా చెప్పరు, ఉన్నదాన్ని ప్రోత్సహించగలమనే అంటారు. ఇంకొక అడుగు ముందుకు వేసినవాడు పీటర్ ఎల్బో అనే అధ్యాపకుడు. ఆయన ఒకప్పుడు వ్యాసాలు రాయలేక పై చదువు మధ్యలో వదిలేసినవాడు. 1973లో 'రైటింగ్ వితౌట్ టీచర్స్' అనే పుస్తకం వేశాడు. ఏడుగురి నుంచి పన్నెండుగురి దాకా కలిసి, వారం వారం తప్పకుండా రాసుకొచ్చి చదువుకుంటే చాలు, గురువు లేకపోయినా క్లాసు నడుస్తుందన్నాడు. వినేవాళ్లు తప్పొప్పులు ఎంచనక్కర్లేదు. వింటుంటే తమ మనసులో వరసగా ఏమేం జరిగిందో చెబితే చాలు.

గురువు వద్దని నేననను. టైము చూసేవారు, ఒకరి మాటకు ఇంకొకరు అడ్డురాకుండా చూసేవారు, ఎవరి మనసూ గాయపడకుండా కాసేవారు ఒకరుండాలి. కొత్తవాళ్లున్న క్లాసుకి అది మరీ అవసరం. అంతకుమించి నేర్పేవారి దగ్గర మంత్రం ఏదో ఉందని, పది వారాల తర్వాత అది నీ చెవిలో ఊదుతారని ఎదురుచూస్తే మాత్రం పక్కన కూర్చున్నవాళ్ల మాట నీకు వినబడదు.

3

మొదటిరోజే గడియారం పెట్టి, పది నిమిషాలు పెన్ను ఆపకుండా రాయమంటారు చూడు. కొట్టివేతలు వద్దు, వెనక్కి తిరిగి చదువుకోవద్దు, ఏమీ తోచకపోతే ఏమీ తోచడం లేదనే రాయమంటారు. ఇది ఎల్బో బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. అంతకు చాలాముందే, 1934లో, డొరోథియా బ్రాండీ అనే ఆవిడ పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకముందే, ఏదీ చదవకముందే లేచి రాయమని తన పుస్తకంలో చెప్పింది. రెంటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. రాసే పనీ దిద్దే పనీ వేరువేరు. రెండూ ఒకేసారి పెట్టుకుంటే పిండి రుబ్బుతూనే దోసె రుచి చూడబోయినట్టుంటుంది.

మన పిల్లలకు ఇది మిగతావాళ్లకంటే కష్టం. ఎర్రసిరా భయం వేళ్లలో ఉంటుంది. కొట్టివేతలుంటే మార్కులు తగ్గుతాయని చిన్నప్పట్నుంచీ విన్న చెయ్యి, వాక్యం మొత్తం మనసులో కూర్చుకున్నాక గానీ కదలదు. ఆ కూర్చుకోవడంలోనే అసలు సంగతి జారిపోతుంది, గైడు వాక్యం వచ్చి కూర్చుంటుంది.

నేను గమనించింది చెబుతాను. మొదటి రెండు మూడు నిమిషాలు అందరూ ఒకేలా రాస్తారు: వాతావరణం, కాళ్ల తిమ్మిరి, ఈ పని ఎందుకు చేయిస్తున్నారన్న విసుగు. ఆ తర్వాత ఒక ఖాళీ వస్తుంది. చాలామంది అక్కడ తలెత్తి పక్కవాళ్లను చూస్తారు. తలెత్తకుండా చెత్తో చెదారమో రాస్తూ పోయినవాళ్లకు, దాని అవతల, తాము అనుకోనిదేదో పక్కనుంచి వస్తుంది. పింఛను లెక్క రాస్తూ రాస్తూ, చనిపోయిన తోడికోడలి గాజుల పెట్టె గురించి రాసిందొక పెద్దావిడ. ఆ రాసిందంతా బాగుంటుందని కాదు. పేజీన్నరలో ఒక్క వాక్యం కింద గీత గీసుకోవచ్చు. ఆ ఒక్కటీ పట్టుకుని ఇంటికెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి.

4

"నా తెలుగు బాగోదు" అన్నావు. ఈ మాట నాకు ఇంగ్లీషు మీడియం పిల్లలే కాదు, తెలుగు ఎమ్మే చదివినవాళ్లూ అన్నారు. మనలో ప్రతివాళ్లకీ, అసలు తెలుగు ఎక్కడో వేరే చోట, వేరే వాళ్ల దగ్గర ఉందన్న నమ్మకం.

ఇందులో నీకు తెలియవలసిన చరిత్ర ఉంది. వ్యావహారిక భాష గొడవ అనగానే కవులు, పండితులు కొట్టుకున్నారని అనుకుంటారు. ఆ గొడవలో పెద్ద భాగం నీలాంటి విద్యార్థులు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న దాని మీద. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేసిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, ఈ నలుగురూ పిల్లలకు ఎవరూ మాట్లాడని భాషలో చదువు చెప్పడమేమిటని అడిగారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు కాంపోజిషన్ ఉపసంఘంలో గురజాడ సభ్యుడు. ఉపసంఘం గ్రాంథికం వైపు మొగ్గితే, 1914లో ఆయన అసమ్మతి పత్రం రాసిచ్చాడు. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు, 1915 నవంబరులో పోయాడు. కవిత్వం రాసుకోవలసిన రోజులను ఆయన పిల్లల కాంపోజిషన్ కోసం ఖర్చుపెట్టాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నువ్వు నోట్‌బుక్కులో నీ మాట నువ్వు రాసుకునే హక్కు వెనక అంత పని ఉంది.

పండితులే ఇంటి మాటకు తిరిగివచ్చిన ఉదాహరణలూ చూడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి సంస్కృతం చదువుకున్న కుటుంబంలో పుట్టి, గోదావరి జిల్లాల ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగుతో కథలు నడిపాడు. పాకాల యశోదారెడ్డి ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసరుగా చేసింది. 'మా ఊరి ముచ్చట్లు'లో ఆవిడ రాసింది పాలమూరు ఆడవాళ్ల మాట. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాట విడిచిపెట్టలేదు. వీళ్లెవరికీ ఇంకొక తెలుగు రాక కాదు.

నీ విషయానికొస్తే, నీ తెలుగులో ఇంగ్లీషు ఉంది. ఉండనీ. హాస్టల్, మెస్, అసైన్‌మెంట్, బ్యాక్‌లాగ్ అని మీరు అనుకుంటారు కాబట్టి అలాగే రాయి. వాటికి నిఘంటువులో మాటలు వెతికి పెడితే అది నీ హాస్టల్ అవదు. కానీ వంటింట్లోకి, పెరట్లోకి, మీ బామ్మ దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడున్న మాటలు అడిగి తెలుసుకో. అక్కడ ఇంగ్లీషు మాట పడిందంటే నీకు చూపు ఆనలేదన్నమాట. ఒత్తులు, దీర్ఘాలు, శ ష స ల తేడా తర్వాత దిద్దుకోవచ్చు, దిద్దుకోవాలి కూడా. అచ్చుకు వెళ్లేముందు తప్పులుండకూడదని నేను ఇప్పటికీ గట్టిగా అంటాను. మొదటి ప్రతిలో మాత్రం వాటిని పట్టించుకోకు.

ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు నీకుంది. ఈ క్లాసు సాగినన్నాళ్లు అది పక్కన పెట్టి, కాగితం మీద తెలుగు అక్షరాలతోనే రాయి. మెల్లగా సాగుతుంది. సాగనీ. ఆ అక్షరాలతో చెయ్యి కలిసేదాకా వాక్యం పొట్టిగా, మెసేజీలా తెగిపోతూనే ఉంటుంది.

5

పైకి చదవడం. అందరికీ భయం ఇక్కడే. గొంతు వణుకుతుంది, కాగితం వణుకుతుంది. ఇది మొదటి రెండు మూడుసార్లు అందరికీ ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. అంతకంటే దాని గురించి చెప్పేది లేదు.

ఒక్క నియమం పెట్టుకో. చదివేముందు "ఇది అంత బాగా రాలేదు", "తొందరలో రాశాను" అనకు. వినేవాళ్ల చెవి ఆ మాటతోనే మూసుకుంటుంది. చదివాక కూడా సంజాయిషీ ఇవ్వకు. వాళ్లకు అర్థం కానిది నోటితో విప్పి చెప్పావంటే, కాగితం మీద లేనిది ఏమిటో తెలుసుకునే అవకాశం పోతుంది. విని, రాసుకుని, ఇంటికి రా.

నీ నోరు ఎక్కడ తడబడిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టుకో. పదిసార్లలో తొమ్మిదిసార్లు వాక్యమే అక్కడ పొసగలేదని తర్వాత తెలుస్తుంది.

6

"బాగుంది" అన్న మాటతో ఏమీ చేసుకోలేం. మనవాళ్లు మర్యాదస్తులు, ఎవరేం చదివినా బాగుందంటారు. లేదా వెంటనే "ఇలా మార్చు, ముగింపు ఇలా పెట్టు" అని సలహాలిస్తారు. రెంటివల్లా ఉపయోగం తక్కువ. నువ్వు వేరేగా అడుగు: ఎక్కడ నీ ధ్యాస పక్కకి పోయింది? ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు ఏం గుర్తుంటుంది? ఎవరిని చూడగలిగావు, ఎవరిని చూడలేకపోయావు?

ఒకరు మాత్రమే ఒకటి అంటే విని ఊరుకో. ముగ్గురు వేరువేరు కారణాలు చెబుతూ ఒకే చోటు చూపిస్తే, కారణాలు వదిలేసి ఆ చోటు చూడు. కారణాలు చాలాసార్లు తప్పు చెబుతారు, చోటు మాత్రం తప్పు చూపించరు.

ఇతరులది విన్నప్పుడు నువ్వూ అలాగే చెప్పు. నీకంటే బాగా రాసే పిల్ల ఒకర్తె తప్పక ఉంటుంది. మొదటి నెల ఆమె చదివినప్పుడల్లా నీకు నోట్‌బుక్కు మూసేయాలనిపిస్తుంది. ఆ పిల్ల పక్కనే కూర్చో. వినేటప్పుడు ఎక్కడ ఒళ్లు జలదరించిందో రాసుకో. ఆ పిల్ల నీకు దొరికిన పాఠ్యపుస్తకం.

7

"రాసేంత విశేషం నా జీవితంలో ఏముంది?" అన్నావు. పాలగుమ్మి పద్మరాజు కథ 'గాలివాన'కు న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన అంతర్జాతీయ పోటీలో 1952లో రెండో బహుమతి వచ్చింది. అందులో ఉన్నవి ఒక రైలు ప్రయాణం, పెద్దమనిషి ఒకాయన, ముష్టెత్తుకునే ఆవిడ, తుఫాను రాత్రి. రైలెక్కని వాళ్లమూ, గాలివాన చూడని వాళ్లమూ కాదు మనం. విశేషం లేకపోవడం ఇబ్బంది కాదు. మనకు బాగా అలవాటైపోయినది మన కంటికి ఆనదు, అదే ఇబ్బంది. నువ్వు మిల్లు కుర్రాడి చెవుల సంగతి చదివావుగా.

కానీ ఈ అంకె కింద నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఇంటి సంగతులు. ఇలాంటి క్లాసుల్లో పెన్ను ఆపకుండా రాయిస్తే ముందు బయటికొచ్చేవి ఇంట్లోవే: అమ్మానాన్నల మాటపట్టింపులు, అప్పులు, చిన్నప్పుడు తగిలిన దెబ్బ, ఎవరికీ చెప్పని భయం. ఆడపిల్లలకు ఇది ఇంకా ఎక్కువ. రాయి. మొహమాటం లేకుండా రాయి. రాసిందల్లా చదవాలని మాత్రం లేదు. "ఈ వారం నేను చదవను" అనే హక్కు నీకుంది. నేర్పేవారు మంచివారైతే మారు మాటాడరు. మా అరుగు మీద మొదటి నియమం, ఇక్కడ విన్నది మెట్లు దిగకూడదని. మీ క్లాసులో అలాంటి నియమం ఉందో లేదో మొదటి వారమే అడుగు. లేకపోతే పెట్టమను.

నువ్వు రాసేదాంట్లో మీ అమ్మ ఉంటుంది. ఆవిడ వైపు కథ ఆవిడకు ఉంటుంది. దాన్ని నువ్వు దాచమని అనను, మొగ్గు చూపమనీ అనను. కోపం వచ్చిన రోజు రాసినదాన్ని కోపం తగ్గిన రోజు ఒకసారి చదివి, ఆవిడ ఆ మాట ఎందుకు అని ఉంటుందో నాలుగు వాక్యాలు రాసి చూడు. ఆ నాలుగు వాక్యాలు కథలో ఉండకపోవచ్చు. అవి రాశాక మిగతా కథ మారుతుంది, ఎప్పుడూ మెరుగయ్యే మారుతుంది. ఇది నేను చాలామంది చేత చేయించి చూశాను.

8

మూడో వారం, నాలుగో వారం మానేయాలనిపిస్తుంది. మానకు. కొత్త తీరిపోయి, ఫలితం ఇంకా కనబడని వారాలవి. క్లాసులు ఖాళీ అయ్యేది అప్పుడే.

9

లోపలున్నదంతా ఒక్కసారి బయటికొచ్చేస్తే రచన అయిపోతుందని నీ ఆశ. బయటికొచ్చాక పని మొదలవుతుంది. ఈ సంగతి నియమాల్లేని క్లాసుల్లో ఒక్కోసారి మరిచిపోతారు. మనసులోంచి వచ్చింది కాబట్టి ముట్టుకోకూడదంటారు. నేనొప్పుకోను.

'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. జనం మెచ్చుకున్నారు. అక్కడితో ఆగిపోయినా గురజాడకు పేరుండేది. ఆయన దాన్ని మొత్తం తిరగరాసి, ఎంతో పెంచి, 1909లో మళ్లీ వేశాడు. ఇవాళ మనం చదివేది, ఆడేది ఆ రెండోదే. వీలు చూసుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మధురవాణి మొదటిదాంట్లో ఎంత, రెండోదాంట్లో ఎంత అన్నదొక్కటి చూసినా, తిరగరాయడమంటే కామాలు సరిచేయడం కాదని తెలుస్తుంది.

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు ప్రాణమైన ఉదాహరణ. ఇటలీలో ఫ్లోరెన్సుకు ఎగువన కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె ఉంది. 1954లో లొరెంజో మిలానీ అనే ఫాదరీని అక్కడికి పంపారు. బళ్లలో తప్పి ఇంటికొచ్చేసిన రైతుబిడ్డలకు ఆయన చర్చి ఆవరణలోనే చదువు చెప్పాడు. వాళ్లలో ఎనిమిదిమంది పిల్లలు కలిసి, తమలాంటివాళ్లను తప్పించిన ఒక టీచరమ్మను ఉద్దేశించి ఒక ఉత్తరం రాశారు. 1967లో అది పుస్తకంగా వచ్చింది. అదే ఏడు జూన్‌లో మిలానీ పోయాడు. తాము ఎలా రాశారో కూడా ఆ పిల్లలు అందులో చెప్పారు. తోచినప్పుడల్లా ఒక్కో ఆలోచనా ఒక్కో చీటీ మీద రాసుకోవడం. ఒకరోజు అన్నీ బల్ల మీద పరిచి, ఒకేలాంటివి తీసేసి, కలిసేవాటిని కుప్పలు పెట్టడం. ఒక్కో కుప్పకూ పేరు పెట్టడం. పేరు దొరకలేదంటే అందులో ఏమీ లేదన్నా అయ్యుండాలి, మరీ ఎక్కువ ఉందన్నా అయ్యుండాలి. వరస కుదిరాక, ఏ మాట తీసేయొచ్చో ఎవరు ముందు కనిపెడతారా అని పోటీ: అనవసర విశేషణాలు, చెప్పిందే చెప్పడాలు, అబద్ధాలు, కష్టమైన మాటలు, మరీ పొడుగు వాక్యాలు. ఆఖరున, పెద్దగా చదువుకోని బయటివాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి చదివించి, తాము చెప్పదలుచుకున్నదే వాళ్లకు అర్థమైందా అని చూడడం.

పరీక్ష తప్పిన పిల్లలు, అమ్మడూ. వాళ్లు రాసింది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆ ఆఖరి పని చూశావా, పెద్దగా చదువుకోనివాళ్లకు అర్థమైందా అని చూడడం? నీ మొదటి పూర్తి రచన మీ వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడకు చదివి వినిపించు. ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపిందో లేదో చూడు.

10

సంప్రదాయానికి విరుద్ధంగా నడిచే ప్రతిదీ మంచి క్లాసు కాదు. ఇది పెద్దదాన్ని కాబట్టి చెప్పవలసిన మాట. నేర్పేవారు ఎక్కువసేపు తమ రచనలే చదువుతుంటే, ఒకరిద్దరు ఇష్టులు పోగై మిగతావాళ్లు గోడవైపు జరుగుతుంటే, ఏడిపించడమే గొప్పగా భావించి గాయాలు చెప్పించే పోటీ పెడుతుంటే, ఎవరి యాసనైనా అనుకరించి నవ్విస్తుంటే, ఫీజు పోతే పోయిందని వచ్చెయ్. క్లాసు అయ్యాక విడిగా ఉండమంటే ఉండనక్కర్లేదు. మంచి క్లాసు గుర్తు ఒక్కటే చెబుతాను. ఇంటికొచ్చాక నీకు రాయాలనిపిస్తుంది. అక్కడివారిని మెప్పించాలనిపిస్తే అది వేరే రకం.

11

చదవడం ఆపకు. రాసే క్లాసులో చేరి చదవడం మానేసినవాళ్లను చూశాను. వాళ్లకు రాయడానికి త్వరగానే ఏమీ మిగలదు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్దాం. బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథ కోసమే పెట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల దొంతరలు తిప్పుతుంటే, ఒక్క కథ రాసి మళ్లీ కనబడని పేర్లు ఎన్ని ఉన్నాయో. ఆ ఒక్క కథా చదవదగినదే అయిన వాళ్లు వాళ్లలో చాలామంది.

12

సర్టిఫికెట్ సంగతి. మీ అమ్మతో వాదించకు. ఆవిడ అడిగేది నీ మీద ఖర్చుపెట్టే డబ్బు వృథా అవుతుందేమోనన్న బెంగతో. నువ్వు ఉద్యోగానికి అర్జీ రాసినా, ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పమన్నా, ఎదుటివాళ్లకు తెలియనిది తేటగా చెప్పగలిగితే అది ఎక్కడికీ పోదని నేనే ఆవిడతో అంటాను. కానీ అందుకోసం నువ్వు వెళ్లడం లేదని మనిద్దరికీ తెలుసు. ఫోన్లో నువ్వు ఆఖరున అన్నావు, మనసులో ఉన్నది నోటిదాకా వచ్చి ఆగిపోతుంటే ఊపిరాడనట్టుంటుంది పెద్దమ్మా అని. ఆ ఒక్క కారణం చాలు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక నోట్‌బుక్కు కొనుక్కో, గీతలున్నది, మరీ ఖరీదైంది వద్దు. ఖరీదైనదాంట్లో పిచ్చిరాతలు రాయడానికి చెయ్యి రాదు. ఎడమవైపు పేజీ వదిలేసి కుడివైపే రాయి, విన్న మాటలు ఎడమవైపు రాసుకోవచ్చు. మొదటివారం రాసింది నాకు పంపకు. నెల దాటాక, నువ్వు ఒకసారి తిరగరాసినదేదైనా పోస్టులో పంపు. ఫోన్ తెరమీద చదవడానికి నా కళ్లు సహకరించడం లేదు. తప్పులు దిద్దను. చెవులెందుకని అడగవలసిన చోట్లుంటే మాత్రం పెన్సిల్‌తో రాసి తిప్పి పంపుతాను.